కోటలాంటి హాస్టల్... తాళం ఎవరి చేతిలో?

కోటలాంటి బంగళాలో హాస్టల్. చుట్టూ 240 ఎకరాల పచ్చిక, చెట్లు. అర్ధరాత్రి దుప్పటి కింద కూర్చుని కేకులు పంచుకునే ఫ్రెండ్స్. పదేళ్ల పిల్లని ‘వెళ్తావా?’ అని అడిగితే వద్దంటుందా? మా అక్క కూతురూ వద్దనలేదు. పైగా ఆర్నెల్లపాటు వాళ్లమ్మ వెంటపడింది.

అక్క, బావ ఇద్దరూ ఇంగ్లండ్‌లో డాక్టర్లు. కెంట్‌లో ఉంటారు. నేను రెండేళ్లుగా లండన్‌లో ఒక ప్రాజెక్టు మీద ఉన్నా. పాప అడుగుతున్న స్కూలు వాళ్లింటి నుంచి కార్లో గంట దూరం కూడా లేదు. పేరు బెనెండన్. 11 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు. నూరేళ్ల కిందటే పెట్టారు. అది ఉన్న బంగళా ఇంకా పాతది.

‘మనింట్లో హాస్టల్ అంటే తెలిసినదానివి నువ్వొక్కదానివే. పంపొచ్చో లేదో నువ్వే చెప్పవే’ అంది అక్క ఫోన్‌లో. నిజమే. తను పదో క్లాసు దాకా ఇంటి నుంచే వెళ్లొచ్చింది. నేను ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లు, బీటెక్ కలిపితే పదకొండేళ్లు ట్రంకు పెట్టెతో బతికినదాన్ని. అయినా వెంటనే ఏమీ చెప్పలేకపోయా. ముందు ఆ స్కూలు సంగతేంటో చూద్దామని మొదలుపెడితే, కథ చాలా దూరం పోయింది. చివరికి మా కర్నూలు దాకా వచ్చింది.

పుస్తకంలోంచి పుట్టిన కోరిక

పాపకి ఈ పిచ్చి ఎక్కించింది ఎనిడ్ బ్లైటన్. ఆవిడ రాసిన ‘మాలరీ టవర్స్’ మొదటి పుస్తకం 1946లో వచ్చింది. మొత్తం ఆరు. సముద్రం ఒడ్డున, కొండమీద, నాలుగు మూలలా నాలుగు బురుజులున్న ఆడపిల్లల హాస్టల్ స్కూలు. రాళ్ల మధ్య ఈతకొలను. డారెల్ అనే కోపిష్టి పిల్ల. మీలో ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకి లైబ్రరీ పీరియడ్‌లో తగిలే ఉంటుంది. నాకు తగల్లేదు, పాప దగ్గరే చదివా. బాగుంది. అందులో హాస్టల్లో అందరికీ కడుపు నిండుతుంది, అదొక్కటే నమ్మబుద్ధి కాలేదు!

తమాషా ఏంటంటే, బ్లైటన్ కూతురు ఒకరు బెనెండన్‌లోనే చదివింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ బంగళాని సైనికుల ఆస్పత్రిగా వాడుకున్నారు. స్కూలుని కార్న్‌వాల్ తీరంలో న్యూకీ అనే ఊళ్లో ఒక హోటల్‌కి మార్చారు. బ్లైటన్ కథలో స్కూలు ఉన్నదీ కార్న్‌వాల్ తీరంలోనే. అందుకే మాలరీ టవర్స్‌కి మూలం బెనెండనే అని చాలామంది అంటారు. 1963లో రాణి ఎలిజబెత్ కూతురు ప్రిన్సెస్ ఆన్ ఇక్కడ చేరింది. అంతకుముందు ఆమెకి పాఠాలు చెప్పడానికి టీచర్లే ప్యాలెస్‌కి వచ్చేవారు.

ఇదంతా విని పాప ‘చూశావా పిన్నీ!’ అంది, గెలిచినట్టు.

కొడుకుల కోసం కట్టిన ఇల్లు

ఆ బంగళా ఉన్న చోటుకి హెమ్‌స్టెడ్ అని పేరు. మొదట్లో అది గిల్డ్‌ఫర్డ్ అనే పెద్ద కుటుంబానిది. 1573లో మొదటి ఎలిజబెత్ రాణి పర్యటనలో భాగంగా వచ్చి ఇక్కడ బస చేసింది. ఆ పాత ఇల్లు ఇప్పుడు లేదు. ఇప్పుడు కనిపించే ఎర్ర ఇటుకల బంగళాని 1860ల మొదట్లో గాథోర్న్ హార్డీ అనే రాజకీయ నాయకుడు కట్టించాడు. వాళ్ల కుటుంబం డబ్బు యార్క్‌షైర్‌లోని లో మూర్ ఇనుప కార్ఖానాలది.

ఇలాంటి ఇళ్లకి అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఇల్లు, భూమి ముక్కలు కాకుండా పెద్దకొడుక్కి పోతాయి. కూతుళ్లకి కట్నంలా కొంత డబ్బిచ్చి పంపేస్తారు. అంటే నలభై యాభై గదుల ఇంట్లో పుట్టిన ఆడపిల్లకి కూడా ‘ఇది నాది’ అనుకోడానికి ఒక్క గది ఉండేది కాదు. వినడానికి ఎక్కడో విన్నట్టు లేదూ? మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది 1985 సెప్టెంబర్ నుంచి. అదీ అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకే. దేశమంతటికీ రావడానికి 2005 అయింది.

ఆ ఇంటిని 1912లో ‘డైలీ మెయిల్’ పత్రిక యజమానుల కుటుంబానికి చెందిన లార్డ్ రోదర్‌మియర్ కొన్నాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇద్దరు పోయారు, ఒకరు 1916లో, ఇంకొకరు 1918లో. ఇంగ్లండ్‌లో ఎన్నో పెద్ద ఇళ్లది అప్పుడు ఇదే పరిస్థితి. వారసులు యుద్ధంలో పోయారు, పనివాళ్లు దొరకడం మానేశారు. యజమాని చనిపోతే కట్టాల్సిన వారసత్వ పన్ను అతి పెద్ద ఆస్తుల మీద 1919లో 40 శాతానికి చేరింది. అమ్మేసినవాళ్లు కొందరు, కూలగొట్టేసినవాళ్లు కొందరు. మిగిలిన వాటిలో కొన్ని స్కూళ్లయ్యాయి.

బెనెండన్ మొదలైంది అలాంటి టైమ్‌లోనే. మిస్ షెల్డన్, మిస్ హిండిల్, మిస్ బర్డ్ అని ముగ్గురు టీచర్లు. అప్పటిదాకా వైకోంబ్ ఆబీ అనే ఇంకో ఆడపిల్లల స్కూల్లో పాఠాలు చెప్పేవాళ్లు. 1923లో సొంత స్కూలు పెట్టి, 1924లో దాన్ని హెమ్‌స్టెడ్‌కి తెచ్చారు. ఉద్యోగాలు వదులుకుని ముగ్గురు ఆడవాళ్లు పెట్టిన స్టార్టప్ అనుకోండి. ఇంగ్లండ్‌లో ఆడవాళ్లకి మగవాళ్లతో సమానంగా ఓటు హక్కు వచ్చింది 1928లో. అంటే ఓటు విషయంలో పూర్తి సమానత్వం ఇంకా రాని ఆడవాళ్లు ఒక మంత్రిగారి బంగళాలో ఆడపిల్లల చేత లెక్కలు చేయించారు. ఈ ముక్క నాకు భలే నచ్చింది.

మంత్రిగారి శాఖ ఏదంటే...

బంగళా కట్టించిన హార్డీ మంత్రి అన్నాను కదా. ఆయన చూసిన శాఖల్లో ఒకటి ఇండియా. 1878 ఏప్రిల్ నుంచి 1880 దాకా ఆయన బ్రిటిష్ ప్రభుత్వంలో ఇండియా వ్యవహారాల మంత్రి. ఆ సంవత్సరం చూడగానే నా వేలు స్క్రీన్ మీద ఆగిపోయింది.

1876 నుంచి 1878. మా అవ్వ నోట్లో అది ‘ధాత కరువు’. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. దక్షిణ భారతదేశంలో లక్షలమందిని మింగేసిన ఆ కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. కరువు పనుల్లో రోజంతా మట్టి మోసిన మగకూలీకి ప్రభుత్వం ఒక దశలో ఖాయం చేసిన కూలి ఒక పౌండు ధాన్యం, ఒక అణా. పౌండంటే ఇప్పటి లెక్కలో 450 గ్రాములు. ఆడవాళ్లకి, పిల్లలకి ఇంకా తక్కువ.

న్యాయంగా చెప్పాలంటే, కరువు ముదిరినప్పుడు మంత్రి హార్డీ కాదు, ఆయనకన్నా ముందున్న లార్డ్ సాలిస్‌బరీ. హార్డీ వచ్చేసరికి కరువు చివరికొచ్చింది. అది ఎందుకు అంత ఘోరమైందో తేల్చడానికి వేసిన కరువు కమిషన్ ఆయన హయాంలోదే. ఇల్లు కూడా అంతకు పదిహేనేళ్ల ముందే లేచింది, ఇనుము డబ్బుతో. కాబట్టి ‘మన కరువు సొమ్ముతో కట్టిన బంగళా’ అని రాస్తే షేర్లు బాగా వస్తాయిగానీ, అది నిజం కాదు.

కానీ మా ఊరు పేరు ఫైళ్లలో చదివిన మనిషి సాయంత్రం ఇంటికొచ్చి కూర్చున్న గదుల్లో, మా అవ్వ ముని మనవరాలు మంచం వేసుకుంటానంటోంది. దీనికి సంతోషపడాలో, ఇంకేమన్నా అనుకోవాలో ఇప్పటికీ తేలలేదు. పాపకి ఈ సంగతి చెప్తే కాసేపు ఆలోచించి, ‘అయితే నేను తప్పకుండా వెళ్లాలి’ అంది. చిన్నపిల్లల లెక్కలు మనకన్నా సూటిగా ఉంటాయి.

తలుపు వెనకున్న కాగితం

స్కూలు చూడ్డానికి తల్లిదండ్రుల్ని పిలిచే రోజు ఒకటుంటుంది. అక్క వాళ్లతో నేనూ వెళ్లా. దారంతా ఆపిల్ తోటలు, శంఖం బోర్లించినట్టు కప్పులున్న పాత ఓస్ట్ ఇళ్లు. బీరులో వేసే హాప్ కాయల్ని ఆరబెట్టడానికి కట్టినవట. మలుపు తిరిగితే ఎర్ర బంగళా. అందంగా ఉంది. అబద్ధం ఎందుకూ, నాకు కూడా పదేళ్లయిపోయి వెనక్కెళ్లి అక్కడ చేరాలనిపించింది.

బావ ల్యాబులు చూశాడు. అక్క ఆస్పత్రి గది చూసింది, డాక్టర్ కదా. పాప ఆటస్థలం చూసింది. నేను ఒక్కటే వెతికా. ఇక్కడ పిల్లకి కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటుంది?

దీనికి ఇంగ్లండ్‌లో రాతపూర్వకమైన నిబంధనలున్నాయి. బోర్డింగ్ స్కూళ్లన్నీ పాటించాల్సిన కనీస ప్రమాణాలు. వాటిలో ఒకటి చదివి నేను రెండోసారి మళ్లీ చదివా. ప్రతి బోర్డింగ్ స్కూలూ, స్కూలుకి సంబంధం లేని ఒక బయటి వ్యక్తిని పిల్లలకి చూపించాలి. స్కూల్లో ఉద్యోగి అయి ఉండకూడదు. పిల్లకి కష్టం వస్తే టీచర్‌నీ వార్డెన్‌నీ దాటి నేరుగా ఆ మనిషికి ఫోన్ చేయొచ్చు. ఆ నంబర్, పిల్లల హెల్ప్‌లైన్ల నంబర్లు పిల్లలకి తెలిసేలా చేయాలి.

మీకిది చిన్న విషయంలా అనిపించొచ్చు. నాకెందుకు పెద్దదో చెప్తా.

ఆరు నుంచి పది దాకా నేను చదివింది ప్రభుత్వ గురుకులం. కుళాయి దగ్గర క్యూ, చారులో నీళ్లు, దోమలు, అన్నీ ఉన్నాయి. కానీ వేపచెట్టు కింద మాకో అరుగుండేది. ఆదివారం అమ్మ నిప్పట్లు, కర్జికాయలు పట్టుకొస్తే అక్కడ కూర్చుని పదిమంది తినేవాళ్లం. మా మేడమ్ ఒకావిడ రాత్రి స్టడీ అవర్ అయ్యాక మంచాల మధ్య ఒక రౌండు వేసేది. ఎవరైనా గోడవైపు తిరిగి పడుకుంటే పక్కన కూర్చునేది. ఏమీ అడిగేది కాదు, కూర్చునేది అంతే. అది మా బెంగకి మందు.

ఇంటర్‌కి ఒక పేరున్న ప్రైవేటు కాలేజీ హాస్టల్‌కి వెళ్లా. అపార్ట్‌మెంట్ బిల్డింగే క్యాంపస్. కిటికీలకి ఇనుప మెష్. తెల్లారుజామున నాలుగున్నరకి లేపుడు. ఇంటికి ఫోన్ ఆదివారం ఐదు నిమిషాలు, పక్కనే వార్డెన్. కంప్లైంట్ బాక్స్ కూడా ఉండేది, వార్డెన్ గది గుమ్మం పక్కన. దాని తాళం కూడా ఆవిడ కొంగుకే.

మా రూమ్మేట్‌కి జ్వరం వచ్చింది. సోమవారం వీక్లీ టెస్ట్. ‘టెస్ట్ అనగానే వీళ్లకి జ్వరాలొస్తాయి’ అని ఒక బిళ్ల ఇచ్చారు. ఆదివారం ఫోన్‌లో తను ‘నాన్నా, ఒంట్లో...’ అనేలోపు వార్డెన్ రిసీవర్ తీసుకుని ‘బాగా చదువుతోంది సార్’ అంది. ఇంకో నాలుగు రోజులకి వాళ్ల నాన్న వేరే పనిమీద ఊళ్లోకొచ్చి, చూసి, ఎత్తుకుని తీసుకెళ్లాడు. టైఫాయిడ్. బతికింది, కానీ మళ్లీ కాలేజీకి రాలేదు. ఆ ఏడాది చదువు పోయింది. తర్వాత పెళ్లి చేసేశారని విన్నాను. మా అందరికన్నా తనకే ఫిజిక్స్ బాగా వచ్చు.

ఆ రోజు ఆ గోడ మీద ఒక్క బయటి నంబర్ ఉండి ఉంటే? మన దేశంలోనూ పిల్లల కోసం 1098 ఉంది, రోజంతా పనిచేస్తుంది. ఏ హాస్టల్ పిల్లనైనా అడిగి చూడండి, ఆ నంబర్ తెలుసో లేదో. తెలిసినా, అక్కడి నుంచి ఫోన్ చేసే వీలుందో లేదో.

బంగళాలు మనకీ ఉన్నాయి

ఇంగ్లండ్‌లో అంతా బాగుంటుందని చెప్పడం లేదు. చిన్నప్పుడే బోర్డింగ్‌కి పంపేసిన పిల్లలు పెద్దయ్యాక పడే మానసిక ఇబ్బందులకి ‘బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టింది జాయ్ షావెరియన్ అనే అక్కడి సైకోథెరపిస్టే. ఆ నిబంధనలు కూడా ఊరికే రాలేదు, ఎందరో పిల్లలు పడ్డ కష్టాల తర్వాత వచ్చాయి.

ఇక ఫీజు. బెనెండన్ బోర్డింగ్‌కి ఏడాదికి 50,000 పౌండ్లు దాటుతుంది. మన డబ్బులో అర కోటి పైమాటే. 2025 జనవరి నుంచి ప్రైవేటు స్కూళ్ల ఫీజు మీద అక్కడి ప్రభుత్వం 20 శాతం వ్యాట్ కూడా వేసింది. ఒకప్పుడు వారసులకే దక్కిన ఇల్లు ఇప్పుడు డబ్బున్నవాళ్ల కూతుళ్లకీ, స్కాలర్‌షిప్ దొరికిన కొద్దిమందికీ దక్కుతోంది. తలుపు తెరుచుకుంది, పూర్తిగా కాదు.

మన దగ్గర లెక్క వేరు. ఉమ్మడి రాష్ట్రంలో తొలి గురుకులం 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. పైసా ఫీజు లేకుండా చదువు, తిండి, పడక. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన పదమూడేళ్ల మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులం పిల్లే. ఆ స్కూలుకి బంగళా లేదు.

బంగళాలో ఆడపిల్లల చదువు కూడా మనకి కొత్త కాదు. హైదరాబాద్ కోఠిలో 1800ల మొదట్లో కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది చూశారా, పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ సింహాలు? నిజాం రాజ్యం మీద కన్నేసి ఉంచడానికి ఇంగ్లిష్ దొర కూర్చున్న భవనం. 1949లో అందులోకి ఉమెన్స్ కాలేజీ వచ్చింది. ఇప్పుడది వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. మా మేనత్త అక్కడే డిగ్రీ చదివింది. ఆ సింహాల పక్కన కూర్చుని మిరపకాయ బజ్జీలు తిన్నామని ఇప్పటికీ చెప్తుంది. దొర గురించి ఒక్కసారీ చెప్పలేదు. ఆవిడ దృష్టిలో అది వాళ్ల కాలేజీ, అంతే.

అక్కకి నేను చెప్పింది

బంగళా చూడొద్దు అన్నా. బంగళా అయినా రేకుల షెడ్ అయినా అడగాల్సిన ప్రశ్నలు నాలుగే. పిల్ల తనంతట తాను ఆరుబయట నడవడానికి చోటుందా? జ్వరం వస్తే మనకి ఎన్ని గంటల్లో చెప్తారు? పక్కన ఎవరూ లేకుండా ఇంటికి ఫోన్ చేయగలదా? వార్డెన్ మీదే కంప్లైంట్ ఉంటే ఎవరికి చెప్పాలి? వీటికి తడుముకోకుండా జవాబిచ్చిన చోట పిల్లని వదలొచ్చు. ‘మా దగ్గర అలాంటి సమస్యలే రావండీ’ అన్న చోటు నుంచి చెప్పులేసుకుని వచ్చేయాలి.

బెనెండన్ విషయంలో అక్కకి నా సలహా ఒక్కటే. 11కి వద్దు. అక్కడ 13కీ, 16కీ కూడా చేర్చుకుంటారు. స్కాలర్‌షిప్‌కి రాయించు. అప్పటికీ వెళ్తానంటే ఆపొద్దు.

ఈ మాటలన్నీ సోఫా వెనక నుంచి విన్న పాప బయటికొచ్చి ఒకటే అడిగింది. ‘వెళ్లాక నచ్చకపోతే వచ్చేయొచ్చా?’

అక్క నా వైపు చూసింది. బావ మాత్రం ఆలోచించకుండా ‘ఎప్పుడైనా, అర్ధరాత్రి అయినా కారేసుకుని వస్తా’ అన్నాడు.

మా రూమ్మేట్‌కి గానీ, నాకు గానీ ఆ ప్రశ్న అడగొచ్చని తెలీదు. అప్పు చేసి కట్టిన ఫీజు, ఊళ్లో పోయే పరువు, ఇవన్నీ గొంతుకి అడ్డం. మీ ఇంట్లో చెల్లో తమ్ముడో ఇప్పుడు హాస్టల్లో ఉంటే, ఈ ఆదివారం ఫోన్ వచ్చినప్పుడు మార్కులెన్ని అని అడక్కండి. ఏం తిన్నావ్, ఎవరితో నవ్వావ్ అని అడగండి. జవాబు లేటుగా వస్తే, పక్కన ఎవరో ఉన్నారని అర్థం. సోమవారం బస్సెక్కి వెళ్లి చూసి రండి.